వరంగల్‌లో తులిప్ పూయించడం: చలిని ఫ్రిజ్‌లోంచి అప్పు తెచ్చుకునే పద్ధతి

హన్మకొండలో మా ఇంటికి వచ్చినవాళ్ళు వరండాలో తులిప్ కుండీ చూసి ముందు రేకును వేలితో నొక్కి చూస్తారు, ప్లాస్టిక్‌దేమోనని. అసలుదే అని తేలాక అడిగేది ఒకటే: "మన దగ్గర ఇది ఎట్ల పూసింది?" నిలబడి చెప్పేంత చిన్న జవాబు కాదు. ఏటా చెప్పి చెప్పి విసుగొచ్చి, మొత్తం పద్ధతి ఇక్కడ రాసి పెడుతున్నాను.

మొదటి ఏడాది 20 గడ్డలు తెప్పిస్తే ఒక్క పువ్వు రాలేదు. నా తప్పు మట్టిలో లేదు, ఎరువులో లేదు, నీళ్ళలో లేదు. ఫ్రిజ్‌లో ఉంది. ఆ సంగతి ముందు తెలుసుకుంటే మిగతాదంతా మామూలు కుండీ పనే.

గడ్డకు చలి ఎందుకు

తులిప్ పుట్టిల్లు మధ్య ఆసియా కొండలు. తియాన్‌షాన్, పామీర్ వైపు చలికాలమంతా మంచు కింద పడుకుని, మంచు కరగ్గానే లేచి, ఎండ ముదిరేలోపు పూసి, మళ్ళీ భూమిలోకి పోయే జాతి అది. అక్కడి నుంచి టర్కీ సుల్తానుల తోటలకు, అట్నుంచి ఐరోపాకు పోయింది. క్లూసియస్ అనే వృక్షశాస్త్రవేత్త 1593లో లైడెన్ వచ్చి తోటలో నాటిన తర్వాతే హాలెండుకు తులిప్ పిచ్చి పట్టింది. 1637 ఫిబ్రవరిలో గడ్డల ధరలు ఒక్కసారిగా కుప్పకూలేదాకా అది వదల్లేదు.

మన చేతికొచ్చిన గడ్డను నిలువునా కోస్తే ఉల్లిగడ్డ లాగే పొరలు కనిపిస్తాయి. నడిమధ్యలో, మెంతిగింజంత మేర, రాబోయే పువ్వు అప్పటికే తయారై ఉంటుంది. కొత్తగా మొగ్గ కట్టడానికి కాదు చలి. ఆ మొగ్గను మోసుకుని పైకి లేచే కాడ సాగాలంటే గడ్డ చలిలో గడపాలి: 2 నుంచి 9 డిగ్రీల మధ్య, కనీసం 12 వారాలు. ఆ చలిలోనే పొరల్లోని పిండి చక్కెరగా మారుతుంది, కాడను సాగదీసే మార్పులు లోపల జరుగుతాయి. చలి చాలకపోతే కాడ లేవదు. ఆకుల మధ్య మట్టికి ఆనుకుని ఒక పొట్టి పువ్వు విచ్చుకుంటుంది, లేదా ఆకులతోనే సరిపెడుతుంది.

మనకు జనవరిలో రాత్రి 14, 15 డిగ్రీలంటేనే దుప్పటి మీద దుప్పటి కప్పుకుంటాం. తులిప్‌కు అది చలి కిందే లెక్క కాదు. ఆదిలాబాద్ వైపు కొన్ని రాత్రులు ఒక అంకెకు పడిపోతుంది, నిజమే. కానీ తెల్లవారి మధ్యాహ్నానికి మళ్ళీ 27, 28కి ఎక్కుతుంది. శ్రీనగర్‌లో దాల్ సరస్సు పక్కన జబర్వాన్ కొండల కింద 74 ఎకరాల తులిప్ తోట మార్చి నెలాఖరు నుంచి ఏప్రిల్ దాకా విరగబూస్తుందంటే, దాని వెనక నెలల తరబడి తెగని చలి ఉంది. మనకు అంత పొడుగు చలి దొరికే చోటు ఇంట్లో ఒక్క ఫ్రిజ్జే.

వెనక నుంచి లెక్క వేయండి

ఫిబ్రవరి రెండో వారం దాటితే మన దగ్గర ఎండ 32, 33కు పోతుంది. అప్పుడు విచ్చిన తులిప్ ఒక్క పూటలో వాడిపోతుంది. కాబట్టి జనవరి చివరి వారం, ఫిబ్రవరి మొదటి వారం పూతకాలం అనుకుని వెనక్కి లెక్కపెట్టండి. ఫ్రిజ్ నుంచి బయటికి వచ్చాక పూయడానికి సుమారు 3, 4 వారాలు. అంటే జనవరి మొదట్లో, ఎంత ఆలస్యమైనా సంక్రాంతికి, కుండీలు బయటికి రావాలి. దానికి ముందు 13, 14 వారాల చలి. అంటే సెప్టెంబర్ నెలాఖరుకల్లా గడ్డలు ఫ్రిజ్‌లో ఉండాలి.

బతుకమ్మకు మొదలుపెట్టి సంక్రాంతికి బయటికి తీయాలని మా చెల్లెలికి ఒకసారి సులువుగా చెప్పాను. అధిక మాసం వచ్చిన ఏడాది ఎంగిలిపూల బతుకమ్మ అక్టోబర్ నడుమకు పోయింది, ఆమె పూలు ఎండకు దొరికిపోయాయి. సంక్రాంతి కదలదు, బతుకమ్మ కదులుతుంది. తారీఖే చూసుకోండి.

కొనేటప్పుడు

హాలెండులో గడ్డలను జూన్, జులైల్లో తవ్వుతారు. మన దేశపు వ్యాపారులు ఆగస్టు నుంచే ముందస్తు ఆర్డర్లు తీసుకుంటారు. అప్పుడే చెప్పి పెట్టుకుని, సెప్టెంబర్‌లో పంపగలరా అని గట్టిగా అడగండి. నవంబర్‌లో వచ్చే మామూలు గడ్డ వరంగల్‌కు పనికిరాదు, లెక్క కుదరదు. ముందే చలి పెట్టిన గడ్డలైతే నవంబర్, డిసెంబర్‌లో కొన్నా ఫర్వాలేదు. ఎన్ని వారాలు పెట్టారో అడిగి తెలుసుకుని, తక్కువైన వారాలు మీ ఫ్రిజ్‌లో పూర్తి చేయండి. దారిలో పార్సిల్ వారం రోజులు వేడి గోదాములో పడి ఉంటే ఆ చలి కొంత వృథా అయినట్టే. అందుకని చలి పెట్టని గడ్డలే కొని, ఆ పని ఇంట్లో నేనే చేస్తాను.

గడ్డ చుట్టుకొలత 12 సెంటీమీటర్లు, ఆపైన ఉండాలి. దారం చుట్టి కొలిచి చూడండి. మరీ చిన్నదైతే ఆకే వస్తుంది. రకాల్లో ట్రయంఫ్ వర్గం కుండీకి బాగా ఒదుగుతుంది, కాడ గట్టిది, ఇలా ఇంట్లో పూయించడానికి ప్రపంచమంతా ఎక్కువగా వాడేది అదే. డార్విన్ హైబ్రిడ్ పువ్వు పెద్దది, కాడ పొడుగు. మన వేడికి ఇంకా సాగి వాలిపోతుంది.

తులిప్ విత్తనాలు, నీలం తులిప్, ఒకే గడ్డకు ఏడు రంగులు అని ఆన్‌లైన్‌లో బొమ్మలు కనిపిస్తే పక్కకు జరగండి. నిజంగా నీలం రంగు తులిప్ లేదు. విత్తనం నుంచి పువ్వు రావాలంటే చల్లని దేశంలోనే ఐదారేళ్ళు పడుతుంది. ఒకసారి నాకు విత్తనాల పేరుతో వచ్చిన పొట్లం నాటితే తోటకూర మొలిచింది. పప్పులో వేశాం.

ఫ్రిజ్‌లో మొదటి పది వారాలు

గడ్డలు రాగానే ఒక్కొక్కటీ చేత్తో నొక్కి చూడండి. గట్టిగా, బరువుగా ఉండాలి. గోధుమరంగు పైపొర చిట్లితే నష్టం లేదు. పొర మీద నీలిపచ్చ బూజు కొంచెం ఉంటే పొడిగుడ్డతో తుడిస్తే చాలు. మెత్తబడినది, పుల్లటి వాసన వచ్చేది మాత్రం వెంటనే పారేయండి. ఆ వాసన ఫ్యుసేరియం అనే బూజు తెగులుది. అది పట్టిన గడ్డ తాను చెడటమే కాదు, ఇథిలీన్ వాయువు వదిలి పక్కవాటి మొగ్గలను కూడా చంపుతుంది.

ఇథిలీన్. నా మొదటి ఏడాదిని మింగింది ఇదే. పండ్లు మాగేటప్పుడు వదిలే వాయువు అది. మన సీతాఫలాల కాలం సరిగ్గా సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా. దసరాకు ఊరి నుంచి వచ్చిన సీతాఫలాలు మాగినవి మాగినట్టు ఫ్రిజ్‌లో పెట్టాం, పక్కన ఆపిల్ పండ్లు, కింద నా గడ్డలు. జనవరిలో ఆకులు నిగనిగలాడుతూ వచ్చాయి. మొగ్గ కూడా కనిపించింది. విప్పి చూస్తే లోపల రేకుల చోట తెల్లగా ఎండిన ఉల్లిపొర లాంటిది, వేళ్ళ మధ్య నలిపితే పొడి. 20కి 20 అంతే.

కాబట్టి ఆ మూడు నెలలు ఫ్రిజ్‌లో పండ్లు వద్దు. ఆపిల్, అరటి, జామ, సీతాఫలం, మాగిన టమాటా ఏదీ వద్దు. కూరగాయలు, పాలు, పెరుగు ఉండొచ్చు. అది మీ ఇంట్లో కుదరదంటే తులిప్ ఆలోచన మానుకోండి, మొహమాటం లేకుండా చెప్తున్నా. ఈ మార్గదర్శిలో రాజీ లేని మాట ఇదొక్కటే.

గడ్డలను కాగితపు సంచిలోనో, ఉల్లిగడ్డల వల సంచిలోనో వేసి కూరగాయల అరలో పెట్టండి. పాలిథిన్ కవర్లో కడితే చెమ్మ పట్టి బూజొస్తుంది. పైన డీప్ ఫ్రీజర్‌కు ఆనుకున్న అరలో పెట్టొద్దు, గడ్డకట్టి చచ్చిపోతాయి. చిన్న థర్మామీటరును గ్లాసు నీళ్ళలో ముంచి ఆ అరలో ఒక రాత్రి ఉంచి చూడండి, 4, 5 డిగ్రీలు చూపిస్తే సరిగ్గా ఉన్నట్టు. రెండు మూడు గంటలు కరెంటు పోతే కంగారు పడకండి. తలుపు తెరవకుంటే చాలు.

సంచి మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. మా అత్తమ్మ ఒక పొద్దున అర తెరిచి, "ఏం బిడ్డా, గీ ఉల్లిగడ్డలను గిట్ల కాయితంల సుట్టి పెట్టినవు, మురిగిపోవా?" అని రెండు తీసి కత్తిపీట ముందేసుకుంది. ఇంకో నిమిషమైతే పోపులో పడేవి. 1944-45 చలికాలంలో యుద్ధపు కరువులో డచ్చివాళ్ళు తులిప్ గడ్డలు వండుకుతిన్న మాట నిజమే, కానీ అది ఆకలికి దారిలేక తిన్న తిండి. వీటిలో విషపదార్థాలున్నాయి. కుక్కలకు, పిల్లులకు మరీ ప్రమాదం. ఎక్కువసేపు చేత్తో పట్టుకుంటే కొందరికి వేళ్ళు దురదపెట్టి ఎర్రబడతాయి, తొడుగులు వేసుకోండి.

కుండీలో నాటడం, మళ్ళీ ఫ్రిజ్‌లోకే

చాలామంది పూర్తిగా 12 వారాలు పొడిగా ఫ్రిజ్‌లో ఉంచి, తీసి నేరుగా డాబా మీది కుండీలో నాటుతారు. రెండో ఏడాది నేనూ అదే చేశాను. సగమే పూశాయి. కారణం వేళ్ళు. తులిప్ వేళ్ళు చల్లటి మట్టిలోనే పుడతాయి. డిసెంబర్ అయినా మన డాబా మీద కుండీ మట్టి మధ్యాహ్నానికి గోరువెచ్చనవుతుంది. చలి తీరిన గడ్డ తొందరపడి మొలకెత్తుతుంది, కింద వేళ్ళు ఉండవు. మోయలేక మొగ్గ ఎండిపోతుంది.

అందుకే చివరి మూడు నాలుగు వారాలు మట్టితో సహా ఫ్రిజ్‌లోనే గడవాలి. డిసెంబర్ మొదటి వారంలో 6 అంగుళాల కుండీలు తీసుకోండి, ఫ్రిజ్ అరలో పడతాయో లేదో ఖాళీవి పెట్టి ముందే చూసుకోండి. ఒక్కో కుండీకి ఐదు గడ్డలు.

మట్టి: చెల్క మట్టి ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు, కొబ్బరిపొట్టు అర పాలు. నల్లరేగడి అసలు వద్దు, నీళ్ళు పట్టుకుని గడ్డను కుళ్ళబెడుతుంది. పశువుల ఎరువు, వర్మీకంపోస్టు కూడా అక్కర్లేదు. గడ్డ తన తిండి తాను మూట కట్టుకుని వచ్చింది, ఒక్క పూతకు అది చాలు. సగం మాగిన ఎరువు వేస్తే కుళ్ళు తప్ప లాభం లేదు.

నాటే ముందు గడ్డ అడుగున ఉంగరంలా గట్టిగా కనిపించే చోట గోధుమ పొరను గోటితో మెల్లగా ఒలవండి. వేళ్ళు వచ్చేది అక్కడి నుంచే. పొర గట్టిగా ఉంటే వేళ్ళు పైకి తిరిగి గడ్డను మట్టిలోంచి ఎత్తేస్తాయి. గడ్డకు ఒక పక్క చదునుగా ఉంటుంది, ఆ పక్కను కుండీ అంచువైపు తిప్పి నాటండి. మొదటి పెద్ద ఆకు అటే వస్తుంది, కుండీ చుట్టూ ఆకులు, నడుమ పూలు పేర్చినట్టు ఉంటాయి. మొన దాదాపు మట్టి పైకి తేలేంత పైనే నాటండి. నేలలో అయితే 15 సెంటీమీటర్ల లోతు అంటారు గానీ, కుండీలో వేళ్ళకు కింద చోటు కావాలి.

ఒకసారి బాగా నీళ్ళు పోసి, అవి పూర్తిగా కారిపోనిచ్చి, నాలుగు చిల్లులు పొడిచిన కవరు వదులుగా కప్పి ఫ్రిజ్‌లో పెట్టండి. వారానికోసారి వేలు పెట్టి చూసి, ఆరితే రెండు చెంచాల నీళ్ళు. మూడో వారానికి కుండీ అడుగు చిల్లుల్లో తెల్లటి వేళ్ళు కనిపించాలి. పైన పాలిపోయిన పసుపు మొలక రెండు మూడు సెంటీమీటర్లు లేస్తుంది. వేళ్ళు కనిపించకపోతే తారీఖు చూసి తొందరపడకండి, ఇంకో వారం ఆగండి.

బయటికి వచ్చాక

మొదటి మూడు నాలుగు రోజులు ఇంట్లో చల్లటి, మసక వెలుతురు గదిలో ఉంచండి. పసుపు మొలక పచ్చబడుతుంది. ఆ తర్వాత తూర్పు వరండా: పొద్దున తొమ్మిది, పది దాకా ఎండ, తర్వాత నీడ. రాత్రిళ్ళు డాబా మీద చలిలో పెట్టి, పొద్దెక్కగానే దింపుకొస్తాను నేను. ఐదారు కుండీలకు చేయగలిగిన చాకిరీయే అది, యాభై కుండీలైతే ఆలోచించుకోండి.

మట్టిని చల్లగా ఉంచడానికి మంచి ఉపాయం మన రంజన్‌లో ఉంది. తులిప్ కుండీని దానికంటే పెద్ద మట్టి కుండీలో దించి, రెంటి మధ్య ఇసుక నింపి, ఆ ఇసుకను పొద్దునా సాయంత్రం తడపండి. మన చలికాలపు పొడిగాలికి పెద్ద కుండీ గోడల్లోంచి చెమ్మ ఆవిరై లోపల చల్లబడుతుంది. రంజన్ నీళ్ళు చల్లబడే తీరే ఇది. తడి ఇసుకలోనే ఉండాలి, లోపలి మట్టి చిత్తడి కాకూడదు. లోపలి కుండీ ప్లాస్టిక్‌దైతే ఇంకా మేలు. మట్టి మీద ఐసు ముక్కలు పెట్టమని చెప్పే వీడియోలు చాలా ఉన్నాయి. కాసేపు మట్టి చల్లబడుతుంది. ఫ్రిజ్‌లో తీరని చలి దాంతో తీరదు.

మొలక తీయగా ఉంటుందేమో, ఉడుతలూ ఎలుకలూ వదలవు. కోళ్ళ జాలీ ముక్క కప్పండి. మా వైపు కోతులున్నాయి, వాటికి జాలీ ఒక లెక్కా? కోతుల మంద వీధిలోకి రాగానే కుండీలు ఇంట్లోకి పోతాయి, ఇంతకంటే మందు నాకు దొరకలేదు. పేనుబంక కనిపిస్తే తడిగుడ్డతో తుడిచేయడమే.

మొగ్గ ముందు ఆకుపచ్చగా లేస్తుంది. ఒక పొద్దున దాని అంచున రంగు గీతలా దిగి ఉంటుంది, రెండు రోజుల్లో మొగ్గంతా పాకుతుంది. ఇక విచ్చడం చూడాలి. పొద్దున ఏడింటికి గుడ్డు ఆకారంలో బిగిసి ఉన్నది, పదింటికి వెచ్చబడేసరికి గిన్నెలా, పన్నెండింటికి ఇంకా బయటే ఉంచితే పళ్ళెంలా వెనక్కి పరుచుకుంటుంది. లోపల నల్లటి నక్షత్రం గుర్తు, దాని మీద పుప్పొడి రాలి ఉంటుంది. సాయంత్రం చల్లబడగానే మళ్ళీ మూసుకుంటుంది. వేడికి రేకు లోపలివైపు, చల్లదనానికి బయటివైపు ఎక్కువ పెరగడం వల్ల ఈ తెరుచుకోవడం, మూసుకోవడం. తెరిచిన ప్రతిసారీ రేకు కాస్త పెద్దదై, కాస్త సన్నబడి, నాలుగైదు రోజులకు రాలుతుంది. పదింటికల్లా చల్లటి గదిలోకి చేర్చితే వారం దాకా లాగొచ్చు. కోసి నీళ్ళలో పెట్టినా కాడ సాగుతూనే ఉంటుంది, వెలుతురు వైపు వంగుతుంది. వాడిపోయిందనుకోకండి.

నేలలోనే కావాలంటే

పెరటి మడిలో పెట్టాలంటే ఉత్తరం గోడ నీడ పడే చోట చెల్క మట్టితో జానెడు ఎత్తు మడి కట్టి, 14 వారాల చలి పూర్తయిన గడ్డలను డిసెంబర్ చివర 15 సెంటీమీటర్ల లోతున నాటి, పైన వరిగడ్డి పరవండి. లోతులో మట్టి కొంత చల్లగా ఉంటుంది. పూస్తాయి, కానీ కాడ పొట్టి. నేనైతే కుండీలకే ఓటు.

పూత అయ్యాక

గడ్డ దాచుకోవచ్చా అని అందరూ అడుగుతారు. దాచుకోకండి. పువ్వు పోయాక ఆకు ఆరు వారాలైనా చల్లటి వసంతంలో పచ్చగా ఉంటేనే పిల్లగడ్డ ఊరుతుంది. మనకు ఫిబ్రవరి తర్వాత వచ్చేది వసంతమా, వడగాలికి ముందుమాటా? ఆకు మార్చి మొదట్లోనే పండిపోతుంది. తవ్వితే గోళీకాయలంత గడ్డలు దొరుకుతాయి. రెండేళ్ళు వాటితో కుస్తీ పట్టాను, మూడో ఏడాది కంపోస్టు గుంతలో వేశాను. తులిప్ మన దగ్గర ఏటా కొనుక్కోవాల్సిన పువ్వు. ఆ ఖర్చు మనసొప్పితేనే దిగండి.

ఏటా కొనడం ఇష్టం లేనివాళ్ళకు నేను చూపించేది సియాం తులిప్. పేరుకే తులిప్, కులానికి పసుపు. థాయ్‌లాండ్ అడవి మొక్క. నిజామాబాద్, జగిత్యాల పసుపు చేలను పెంచే వేడీ వానా దీనికీ సరిపోతాయి, ఫ్రిజ్‌తో పనే లేదు. మే నెలాఖరులో కొమ్మును రెండంగుళాల లోతున నాటి, తొలకరి దాకా మట్టి ఆరకుండా చూస్తే వానాకాలంలో గులాబీ రంగు కంకులు లేస్తాయి. ఆ గులాబీవి రేకులు కావు, పువ్వును కప్పే ఆకులు. అసలు పువ్వు వాటి సందులో ఊదారంగులో చిన్నగా ఉంటుంది. చలికాలంలో ఆకు ఎండగానే కొమ్ములు తవ్వి, కింద వేలాడే నీటిగుళ్ళు (చిన్న గడ్డల్లా ఉబ్బిన వేళ్ళు) తెగకుండా మట్టి దులిపి, పొడి ఇసుకలో పాతి పెడితే మళ్ళీ మే దాకా వాటి జోలికి పోనక్కర్లేదు. మావి వంటింటి అటక మీద, విత్తన పసుపు పక్కనే ఉంటాయి. ఏది ఏదో గుర్తుపట్టేలా వాటి మీదా పెద్ద అక్షరాలతో రాసి పెట్టాను.